జీపులోని రొద

మన పల్లెలలో ఒకప్పుడు జీపు రాక కన్నులకంటె ముందుగా చెవులకు తెలియుచుండెను. బండి చెరువుకట్ట మలుపు తిరుగకమునుపే దాని హోరు రచ్చబండ వద్దకు చేరెడిది. 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు ఏర్పడినది మొదలు కొన్ని దశాబ్దములపాటు ‘సమితి జీపు’ అను మాట గ్రామస్థులకు ప్రభుత్వమునకు మారుపేరువలె నుండెను. ఎరువుల సంగతి చెప్పు విస్తరణాధికారియు, టీకాలు వేయు సిబ్బందియు, పశువైద్యుడును ఆ జీపులోనే వచ్చెడివారు. ఎన్నికల పెట్టెలును దానిలోనే తరలెడివి. దానిలో ప్రయాణము చేసినవారికి మాత్రము ఒక అనుభవము తప్పనిసరి: ప్రక్కనున్నవానితో మాటాడవలెనన్న అరవవలసినదే. ఊరు చేరి దిగిన పిమ్మటగూడ కొంతసేపు చెవులలో ఆ హోరు నిలిచియుండెడిది.

అట్టి జీపును ఇరువదియైదేండ్లు నడిపిన ఒక డ్రైవరును నేనెరుగుదును. ఉద్యోగము మానిన తరువాత ఆయనకు రేడియోయే కాలక్షేపము. అయితే ఆయన వార్తలు పెట్టినచో వీధి చివరకు వినబడెడిది. కోడలు వచ్చి సన్నము చేసెడిది. ఆయన మరల పెంచెడివాడు. “మామయ్యగారూ, పిల్లలు చదువుకొంటున్నారండీ” అని ఆమె అన్నచో, “నేనేం చేసేదమ్మా, వార్తలు చదివేవాడు నోట్లో ఏదో పెట్టుకొని చదువుతున్నాడు” అని ఆయన సమాధానము. చివరకు వైద్యుని చూపగా తేలినదేమనగా, రేడియోలోగాని వార్తలు చదువువానిలోగాని లోపము లేదు. ఆయన చెవి హెచ్చుశ్రుతి ధ్వనులను గ్రహించు శక్తిని కోల్పోయినది. అచ్చులు వినబడుచున్నవి, స, త, క, ప వంటి హల్లులు జారిపోవుచున్నవి. అందువలన మాట వినబడునుగాని తెలియదు. వయస్సు కొంత కారణము. ఏండ్ల తరబడి విన్న రొద మరికొంత కారణమని వైద్యుడు చెప్పెను.

ఈ సంగతి విన్ననాటినుండి నాకొక ప్రశ్న మిగిలినది. కొండదారులలో నడుచుటకై పుట్టిన ఈ బండి ఇంత మోత యేల చేయును? దానిని అణచుటకు మానవుడు ఏమేమి ఉపాయములు పన్నెను? ఈ ఉపాయముల చరిత్ర వెదకినచో అది ఒక్క మోటారు కర్మాగారముతో ముగియదు. ఒక ఉపన్యాసశాల, ఒక విమానము, ఒక రేకు, తుదకు రేడియోలోని మైక్రోఫోను, ఇవన్నియు ఆ చరిత్రలోనికి వచ్చును.

ముందుగా జీపు పుట్టుకను చూతము. 1940 జూలైలో, యూరపులో యుద్ధము ముదిరిన దినములలో, అమెరికా సైన్యము తేలికయైన నాలుగుచక్రముల చోదకము గల బండి కావలెనని 135 కంపెనీలకు వర్తమానము పంపెను. తొలుత విధించిన నియమము ప్రకారము బండి బరువు 1300 పౌండ్లకు మించరాదు. నమూనా 49 దినములలో సిద్ధము కావలెను. బాంటమ్ అను చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరును పిలిపించి ఆ గడువులోపల, అనగా 1940 సెప్టెంబరు 23వ తేదీన, బండిని మేరీలాండులోని సైనిక స్థావరమునకు చేర్చెను. పిమ్మట విల్లీస్ కంపెనీయు ఫోర్డు కంపెనీయు రంగములోనికి దిగెను. యుద్ధము ముగియులోపల ఆ రెండు కంపెనీలును కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేసినవి. బరువు తగ్గించుటయే ఆ బండి రూపకర్తలకు పరమలక్ష్యము. మొదటి హద్దు అసాధ్యమని తేలి దానిని పెంచిన తరువాతగూడ వారు ఒక్కొక్క పౌండును లెక్కించి తీసివేయుచుండిరి. అట్టి బండికి తలుపులు లేవు, గుడ్డ పైకప్పు తప్ప వేరొక కప్పు లేదు. ఇక మోత తగ్గించు పొరల మాట ఎవరికి తోచును? సైనికునికి కావలసినది బురదలోనుండి బయటపడు బండి. చెవికి హాయి ఆనాటి జాబితాలో లేదు.

యుద్ధానంతరము ఇంగ్లండులో రోవరు కంపెనీ ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్ ఆంగిల్సీ దీవిలోని తన పొలములో ఒక పాత జీపును వాడుచుండెను. దానికి బదులుగా తామే యొక బండిని ఏల చేయరాదని ఆయనకు తోచినది. ఆ ఆలోచనయే 1948 ఏప్రిల్ 30వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ల్యాండ్ రోవరుగా వెలువడెను. ఆనాడు బ్రిటనులో ఉక్కు కరవు. విమానములు చేయుట తగ్గినందున అల్యూమినియమునకు కొదవ లేదు. కావున బండి చట్రమును ఉక్కుతోను, పైరేకులను అల్యూమినియపు మిశ్రలోహముతోను చేసిరి. రేకు తుప్పు పట్టదు, తేలికగా నుండును. కాని ధ్వని విషయమున ఆ తేలికదనమే చిక్కు తెచ్చినది.

ఏల చిక్కు అనునది సులభముగా లెక్క కట్టవచ్చును. గాలిలో వచ్చు శబ్దమును గోడ యెంతవరకు ఆపగలదను విషయము ముఖ్యముగా ఆ గోడ బరువుపై ఆధారపడియుండును. బరువు రెట్టింపైనచో దానిగుండ వచ్చు ధ్వని సుమారు 5 లేక 6 డెసిబెల్లు తగ్గును. ఒక మిల్లీమీటరు మందముగల ఉక్కురేకు చదరపు మీటరునకు 8 కిలోగ్రాములకు కొంచెము తక్కువగా తూగును. ఒకటిన్నర మిల్లీమీటర్ల అల్యూమినియపు రేకు 4 కిలోగ్రాములు మాత్రమే తూగును. అనగా మందము ఎక్కువైనను అల్యూమినియపు రేకు సగము బరువే. అందువలన దానిగుండ లోపలికి వచ్చు శబ్దము దాదాపు 6 డెసిబెల్లు హెచ్చు.

డెసిబెల్లనగా నేమో ఒక్కమాట చెప్పుకొందము. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరుమీద, 1920 దశాబ్దములో అమెరికాలోని టెలిఫోను ఇంజనీర్లు ఏర్పరచిన కొలత యిది. సామాన్యమైన కూడికవలె ఇది నడువదు. 3 డెసిబెల్లు పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును. 10 డెసిబెల్లు పెరిగినచో మన చెవికి మోత రెండింతలైనట్లు తోచును. అమెరికాలోని వృత్తి ఆరోగ్యసంస్థ 1998లో చేసిన సిఫారసు ప్రకారము రోజుకు 8 గంటలు వినదగిన హద్దు 85 డెసిబెల్లు. 88 డెసిబెల్లయినచో 4 గంటలే; 91 అయినచో 2 గంటలే; 94 అయినచో ఒక్క గంటయే. కావున 3 డెసిబెల్లు తగ్గించినవాడు డ్రైవరునకు రెండింతల కాలము ప్రసాదించినవాడగును. మనము చిన్నదని తలచు అంకె వెనుక ఒకని చెవి యున్నది.

రొదపై పోరాటము జీపుతో మొదలు కాలేదు. 1920 దశాబ్దములో మూతకారులు వ్యాపించినపుడే ఈ చిక్కు తలయెత్తెను. పైకప్పు లేని కారులో మోత గాలిలో కలిసిపోవును. మూసిన పెట్టెలో అది సుడి తిరుగును. దానికితోడు కొయ్య చట్రముల కీళ్లు కిర్రుకిర్రుమనెడివి. షార్ల్ వేమన్ అను విమానచోదకుడు దీనికొక విచిత్రమైన పరిష్కారము కనిపెట్టెను. ఈయన హైతీ దీవిలో 1889లో పుట్టినవాడు. 1911లో గార్డన్ బెన్నెట్ విమాన పందెమును గెలిచినవాడు. ఆనాటి విమానముల రెక్కలు కొయ్య చట్రముపై గుడ్డ బిగించి చేసినవి. ఆ పద్ధతినే వేమన్ కారునకు తెచ్చెను. కొయ్యముక్కలు ఒకదానినొకటి తాకకుండ, నడుమ సందు విడిచి, ఇనుప పట్టీలతో కలిపి, పైన దూదిపొరయు గుడ్డయు కప్పెను. కీలు కీలును తాకదు గనుక కిర్రుమనదు. గుడ్డ రేకువలె మోగదు. కొన్నేండ్లు యూరపులో ఈ కారులకు మంచి గిరాకి యుండెను. కాని గుడ్డకు రేకునకున్న నిగనిగ లేదు, మన్నికయు లేదు. 1930 తరువాత ఆ పద్ధతి క్రమముగా మరుగుపడెను. 1935లో జనరల్ మోటార్సు వారు పైకప్పంతయు ఒకే ఉక్కురేకుతో చేయుట ప్రారంభించిరి. అట్టి పెద్ద రేకు డప్పువలె మోగకుండ లోపలివైపు మెత్తని పొరలు అంటించుట వాడుకలోనికి వచ్చెను.

ఆ కాలముననే మరియొక మార్గము తెరువబడెను. మోత చెవిని చేరకుండ అడ్డుటకంటె, అది పుట్టినచోటనే పట్టుట మేలుగదా. 1931లో క్రైస్లరు ఇంజనీర్లు ప్లిమత్ కారులో ఇంజనును చట్రమునకు బిగించి కట్టక, రబ్బరు దిమ్మలపై నిలిపిరి. ఇంజను తన వణకును తనలోనే వణకుచుండును. చట్రమునకు ఆ వణకు కొంతయే అందును. మరుసటి యేడు ఫ్రాన్సులోని సిట్రోయెన్ కంపెనీ ఆ హక్కును కొని, తన కారుల ముందు ఈదుచున్న హంస బొమ్మను గుర్తుగా పెట్టుకొనెను. నాటినుండి నేటివరకు ఇంజనులుగల కారులన్నియు ఏదో రూపమున ఆ రబ్బరు దిమ్మలపైననే నిలిచియున్నవి.

ఇంతవరకు చెప్పినవి అనుభవమువలన కలిగిన ఉపాయములు. వాటికి శాస్త్రము తోడైన కథ 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రారంభమైనది. అచ్చట కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాటలు అలుకుకొనిపోయి యెవరికిని తెలియుట లేదు. ఒక్క శబ్దము అయిదున్నర సెకండ్లపాటు మారుమ్రోగుచుండెను. దీనిని చక్కదిద్దుమని వాలెస్ సబైన్ అను యువ భౌతికశాస్త్ర అధ్యాపకుని కోరిరి. ఆయన ఊరు సద్దుమణగిన రాత్రివేళ, ప్రక్కనున్న శాండర్సు నాటకశాలనుండి కుర్చీల దిండ్లను మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా పరచుచు, ఆర్గన్ గొట్టమును మ్రోగించి, ధ్వని అణగుటకు పట్టు కాలమును గడియారముతో కొలిచెను. తెల్లవారులోపల దిండ్లను మరల నాటకశాలకు చేర్పించెడివాడు. ఏ వస్తువు ఎంత ధ్వనిని పీల్చునో ఈ విధముగా అంకెలలోనికి వచ్చినది. 1900లో తెరచిన బోస్టన్ సంగీతభవనమునకు ఆయన లెక్కలే ఆధారము. గృహప్రవేశమునకు ముందు ఖాళీ యింటిలో మాటాడి చూచినవారికి ఈ సంగతి అనుభవమే; పరుపులు, తెరలు, మనుష్యులు వచ్చి చేరిన తరువాత ఆ మారుమ్రోత ఉండదు. రేడియో స్టూడియోల గోడలకు మెత్తని పలకలు ఉండుటకును కారణమిదియే.

ఇక్కడ ఒక మెలకువ అవసరము. సబైన్ దిండ్లు గదిలోని మారుమ్రోతను పీల్చినవే కాని, బయటి మోతను లోనికి రాకుండ ఆపలేదు. నేటికిని పెక్కుమంది తమ జీపు తలుపులకు మెత్తని స్పాంజి అంటించి, “ఖర్చు దండుగ, మోత తగ్గలేదు” అని వాపోవుదురు. స్పాంజికి బరువు లేదు. బరువు లేనిది గోడ కాజాలదు. మోతను ఆపుటకు బరువైన పొర కావలెను. పూర్వము ఇందులకు సీసపు రేకులు వాడిరి. తరువాత బరువైన ఖనిజచూర్ణము కలిపిన ప్లాస్టిక్ తివాచీలు వచ్చినవి. ఆ బరువునకైనను ఒక్క బలహీనత కలదు. గోడ వైశాల్యములో నూటికి ఒక వంతు రంధ్రమున్నచో, గోడ ఎంత గట్టిదైనను, దానివలన మొత్తముమీద 20 డెసిబెల్లకు మించి మేలు కలుగదు. నీటికుండకు చిల్లి వంటిదే యిది. పెడలులు, గేరుకమ్మి, తీగలు వెళ్లు సందులు, తలుపు అంచులు: పాత జీపులలో ఇట్టి చిల్లులు లెక్కకు మిక్కిలి. కావున తెలివిగల మెకానిక్కు ముందు రబ్బరు పట్టీలతో ఈ సందులు మూసి, తరువాతనే పొరల జోలికి పోవును.

మూడవ చిక్కు రేకు తానే మోగుట. ఇంజను వణకు, గతుకుల దెబ్బ చట్రమునుండి రేకునకు పాకును, రేకు డప్పగును. గుడిగంటను కొట్టి వెంటనే వ్రేలు ఆనించినచో దాని నాదము అణగిపోవుట మనమెరుగుదుము. మృదంగ విద్వాంసుడు కచేరికి ముందు తొప్పివైపున రవ్వముద్ద అద్దుటయు మనమెరుగుదుము. ఆ బరువువలన చర్మము కంపించు తీరు మారి గంభీరమైన నాదము వచ్చును. చిన్ననాట విశాఖపట్టణమున చదువుకొన్న చంద్రశేఖర వేంకట రామన్ ఈ మృదంగపు పూతల రహస్యమును 1920లోనే పరిశోధించి ప్రకటించిరి. మృదంగమునందు పూత నాదమును తీర్చిదిద్దుటకై యున్నది. కారురేకుపై పూత నాదమును చంపుటకై కావలెను. అందుకు జిగటగల పదార్థము అవసరము. రేకు వంగినపుడెల్ల అది సాగి, లోలోపల ఒరసికొని, ఆ కదలికను వేడిగా మార్చివేయును. తారుపూతలు ఈ పనికి చాలకాలమునుండి వాడుకలో నుండెను. ఏ పూత ఎంత మందమున ఎంత పనిచేయునో 1952లో హెర్మన్ ఓబెర్‌స్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుడు లెక్క తేల్చెను. 1959లో అమెరికాలో ఎడ్వర్డ్ కెర్విన్ మరియొక అడుగు వేసెను. జిగట పొరపైన గట్టి రేకును అతికించినచో, ఆ రెంటి నడుమ జిగట పొర నలిగి, తక్కువ బరువుతోనే ఎక్కువ కదలికను హరించునని ఆయన నిరూపించెను. నేడు అంగళ్లలో అల్యూమినియపు పైపొరతో దొరకు అంటుడు పలకల తత్త్వమిదియే.

కెర్విన్ పనిచేసిన సంస్థను 1948లో స్థాపించినవారిలో లియో బెరానెక్ ఒకడు. ఆయన కథయు యుద్ధముతో ముడిపడినదే. 1940లో అమెరికా ప్రభుత్వము యుద్ధవిమానములలోని భయంకరమైన రొదను పరిశీలింపుమని హార్వర్డు శాస్త్రజ్ఞులను కోరెను. ఆ హోరులో విమానచోదకునికి రేడియోలో వచ్చు ఆజ్ఞ తెలియకున్నచో ప్రాణాపాయము. కాని విమానమునకు బరువు శత్రువు. సీసమును, దళసరి గోడలను అచ్చట వాడ వీలులేదు. అందువలన సన్నని గాజునారతో చేసిన తేలిక దుప్పట్లవంటి వస్తువులపై పరిశోధన సాగెను. అచ్చట నేర్చిన పాఠములు తరువాత భవనములకును, వాహనములకును ఉపయోగపడినవి. గమనింపుడు: జీపును రూపొందించిన సంవత్సరమే ఈ పరిశోధనయు ఆరంభమైనది. ఆకాశమున పోవువాని చెవిని గూర్చి ఆలోచించిన కాలముననే, నేలపై పోవువాని చెవిని మరచిరి.

నేలపై పనిచేయువాని చెవిని గూర్చి చట్టము మేలుకొనుటకు మరికొంత కాలము పట్టెను. బ్రిటనులో ట్రాక్టర్లు తిరగబడి రైతులు చనిపోవుచుండగా, 1970నుండి కొత్త ట్రాక్టర్లన్నిటికి గట్టి రక్షణగదులు ఉండవలెనని నిర్బంధించిరి. ప్రాణము నిలిచెను, కాని ఆ రేకు గదులు రొదను లోపల బంధించి, బయట కూర్చున్ననాటికంటె ఎక్కువ మోతను చెవికి అందించినవి. ఒక మేలు మరొక కీడును తెచ్చెను. తుదకు 1976నుండి డ్రైవరు చెవివద్ద 90 డెసిబెల్లకు మించరాదని మరొక నియమము చేయవలసివచ్చెను. అప్పుడే సందులు మూయుట, పూతలు, పొరలు, రబ్బరు దిమ్మలు అన్నియు ట్రాక్టరులోనికి ప్రవేశించినవి.

జీపునకు గట్టి పైకప్పు వేసినవారికిని ఇదే అనుభవము. దీనికొక లెక్క కలదు. రెండు మీటర్ల పొడవుగల గదిలో గాలి సెకండునకు సుమారు 85 సార్లు ఊగు ధ్వనికి సహజముగా స్పందించును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 2500 చుట్లు తిరిగినపుడు దానిలో సెకండునకు సుమారు 83 పేలుళ్లు జరుగును. ఈ రెండును ఒకటైనపుడు గది అంతయు శంఖమువలె పూరించును. కొంత వేగమున తలదిమ్మెక్కించు మోత వచ్చి, ఆ వేగము దాటగానే తగ్గుటకు కారణమిదియే. ఇంత మంద్రమైన ధ్వనిని పలుచని స్పాంజి ఏమియు చేయజాలదు. ఇంజను దిమ్మలను మార్చుట, పైకప్పు రేకును బిగువు చేయుట, జిగట పూత వేయుట, ఇవియే గతి.

ల్యాండ్ రోవరు చరిత్రలో ఈ మార్పులు మెల్లమెల్లగా వచ్చినవి. మొదటి యేండ్లలోనే టిక్‌ఫర్డ్ అను సంస్థ కొయ్య చట్రముతో మూతబండి నొకదానిని చేసెను. దానిని సొంత కారుగా పరిగణించి పన్ను విధించుటచే ధర పెరిగి, కొలది వందలు మాత్రమే అమ్ముడుపోయినవి. తరువాతి మూతబండ్లకు ఉష్ణదేశములకై పైకప్పుపై మరొక రేకు వేసిరి. అది ఎండ వేడిమిని తగ్గించుటకే గాని మోత కొరకు కాదు. 1957లో డీజిలు ఇంజను రాగా రొద ఇంకను పెరిగెను. 1970 జూన్ 17న స్పెన్ కింగ్ రూపకల్పనలో రేంజ్ రోవరు వెలువడెను. దానికి పట్టీలకు బదులు చుట్టు స్ప్రింగులు, మెత్తగా నడచు ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉన్నవి. అయినను తొలినాట లోపలి భాగము గొట్టముతో నీరు కొట్టి కడుగుటకు వీలుగా రబ్బరు, ప్లాస్టిక్కులతో నుండెను. గేరుపెట్టె మూలుగు బాగుగా వినబడెడిది. కాలక్రమమున తివాచీలు వచ్చినవి. 1980 దశాబ్దము చివర నాలుగు చక్రములకు శక్తిని పంచు పెట్టెలో పళ్లచక్రములకు బదులు గొలుసు పెట్టి ఆ మూలుగును తగ్గించిరి. పాత ల్యాండ్ రోవరు వంశమునకు చెందిన డిఫెండరు మాత్రము తన రొదను చివరిదాక విడువలేదు. 2016 జనవరి 29న దాని ఉత్పత్తి ముగిసెను.

మన దేశమున 1947లో 75 విల్లీస్ జీపులు విడిభాగములుగా బొంబాయికి దిగుమతియైనవి. 1949లో మజగావున కూర్పు ఆరంభమైనది. 1980 దశాబ్దమున పెట్రోలు ఖర్చునకు వెరచి డీజిలు జీపులు విరివిగా వ్యాపించినవి. ఆదా పెరిగెను, హోరును పెరిగెను. అప్పటికే మన షెడ్లలో మెకానిక్కులు తమకు తోచిన వైద్యము చేయుచునే యుండిరి: గోనెసంచి మడతలు, పాత కంబళి ముక్కలు, తారు కాచి పూయుట, చెప్పుల రబ్బరు. వీనిని చూచి నవ్వవలసిన పనిలేదు. పెద్ద కంపెనీల తివాచీల అడుగున ఉండినదియు జనుపనారయు, పాతగుడ్డల పీచుతో చేసిన ఫెల్టే. మన షెడ్ల వైద్యములో ఒక్క లోపము మాత్రముండెను. గోనెయు కంబళియు నీటిని పీల్చి వదలవు. వాగులు దాటు బండిలో అవి తడిసి, అడుగున నేలరేకును తుప్పు తినివేసెడిది. అందుచే అడుగున నీరు పట్టని నురుగు రబ్బరును వాడవలెను. నీరు పోవు రంధ్రములను మూయరాదు. ఇంజను చెంత నిప్పంటుకొను వస్తువులు పెట్టరాదు. చదరపు మీటరునకు 5 కిలోగ్రాముల పొరను 6 చదరపు మీటర్లు పరచినచో 30 కిలోగ్రాములు పెరుగునని ముందే తెలిసికొనవలెను. నిశ్శబ్దమునకు గూడ బరువున్నది.

అన్నిటికంటె వింతయైన ఉపాయము రేడియో సామగ్రి నుండియే పుట్టెను. పాల్ ల్యూగ్ అను జర్మను శాస్త్రజ్ఞునికి 1936లో అమెరికా ప్రభుత్వము ఒక పేటెంటు నిచ్చెను. మైక్రోఫోనుతో రొదను గ్రహించి, దానికి సరిగా తలక్రిందైన ధ్వనిని లౌడుస్పీకరుతో పలికించినచో, రెండును కలిసి ఒకదానినొకటి రద్దు చేసికొనునని ఆయన భావము. ఊహ చక్కనిదే, కాని ఆనాటి వాల్వులతో అది సాధ్యము కాలేదు. 1990 దశాబ్దము ఆరంభమున జపాను కారులలో అది కొంత ఆచరణలోనికి వచ్చెను. 2022 నాటి రేంజ్ రోవరులో తలగడలలోనే చిన్న స్పీకర్లు ఉండి ఈ పనిని చేయుచున్నవి. మంద్రమైన హోరునకు ఇది చక్కగా పనికివచ్చును. పొరల వలన అణగని ధ్వనిని ధ్వనియే అణచుచున్నది.

ఇంత చెప్పి, పూర్ణనిశ్శబ్దమే మేలని చెప్పబోను. నేను మొదట పేర్కొన్న డ్రైవరు తన జీపులో తివాచీ వేయుదుమన్న అధికారికి అడ్డుచెప్పినాడట. “ఇంజను మాట నాకు వినపడాలి బాబూ. ఎక్కడ నొప్పో అదే చెబుతుంది” అని ఆయన వాదము. అందులో నిజమున్నది. బేరింగు అరుగుట, పట్టీ వదులగుట, వెనుకనుండి వచ్చు హారను, ఇవి చెవికి అందవలసినవే. వినవలసినదానిని విననిచ్చి, వినరానిదానిని ఆపుటయే ఈ విద్య యొక్క సారము. పాపము, ఆయనకు ఆనాడు ఎన్నుకొనుటకు రెండే మార్గములు కనబడినవి: అంతయు వినుట, లేక ఏమియు వినకుండుట. ఆయన మొదటిదానిని ఎన్నుకొనెను. ఇంజను చెప్పిన మాటలన్నియు ఇరువదియైదేండ్లు విని, చివరకు ఇంటిలోని మాటలకు దూరమయ్యెను.

ఇప్పుడు ఆయన చెవికి యంత్రము పెట్టుకొని వార్తలు వినుచున్నాడు. కోడలు రేడియోను సన్నము చేయవలసిన పని లేదు. కాని ఆ యంత్రము పోయిన వినికిడిని తిరిగి తేలేదు. ఉన్నదానిని పెద్దది చేయును, అంతే. కొన్ని సందులకు రబ్బరు పట్టీలు, ఒక బరువైన తివాచీ, నాలుగు తారు పలకలు: వీనికయ్యెడి ఖర్చు ఆ చెవియంత్రపు వెలతో పోల్చదగినదే. నేటికిని మన పొలములలో మూత లేని ట్రాక్టర్లపై, పాత డీజిలు బండ్లలో, రోజంతయు కూర్చుండువారు వేలకొలదిగా నున్నారు. సాయంకాలము ఇంటికి వచ్చి వారు రేడియో పెట్టునపుడు దాని గొంతు నానాటికి పెరుగుచున్నదా యని ఇంటివారు గమనించుట మంచిది. పెరుగుచున్నచో, లోపము స్టేషనులో వెదుకుటకు ముందు బండిలో వెదుకవలెను.